గొలుసుబండి ప్రైమస్

స్టీమరు పందేల ముచ్చట ఎత్తితే నది ఒడ్డున పడ్యూకా రేవులో ఎవరూ ఒక పట్టాన నోరు మూయరు. ఏ ఏడు ఏ పడవ గెలిచింది, ఎవరు పొయ్యిలో పందికొవ్వు పోయించారు, ఏ సరంగు ఏ మలుపులో ఇసుకమేట మీంచే పడవని ఈడ్చుకుపోయాడు, అన్నీ కళ్ళారా చూసినట్టే చెబుతారు. అందులో సగం కోతలు. ఆ కోతలరాయుళ్ళ మధ్య ప్రైమస్ ఒక్కడే పెదవి విప్పకుండా కూర్చునేవాడు. ఇరవై ఆరు పందేల్లో ఉన్న మనిషి. ఒక్కటంటే ఒక్క పందెమూ చూడలేదు.

నమ్మరా? అతని పని అలాంటిది మరి.

ఎలెన్ ట్రావర్స్ అనే స్టీమరు మీద ప్రైమస్ గొలుసుబండి కళాసి. పడవ కింది అంతస్తులో ఒక పెద్ద చెక్కపెట్టె, దానికి ఇనుప చక్రాలు, దాన్నిండా తుప్పుపట్టిన లంగరు గొలుసులు. పడవ ఎడమకి ఒరిగితే ఆ బండిని కుడికి లాగాలి, కుడికి ఒరిగితే ఎడమకి లాగాలి. పడవ ఎందుకు ఒరుగుతుందీ అంటే జనం వల్ల. పై అంతస్తులో మూడొందల మంది దొరలూ దొరసానులూ ఉంటారు. ఒడ్డున ఏ చిన్న వింత కనబడినా అంతా బిలబిలమంటూ ఆ పక్కకే పరిగెత్తుతారు. ఇక పందెమైతే చెప్పనే అక్కర్లేదు. పోటీ పడవ ఏ పక్కన వస్తే ఆ పక్క కమ్మీల మీద పడి వేలాడతారు. అప్పుడు ప్రైమస్ ఆ పడవకి వీపు పెట్టి, ఎత్తుగా లేచిన రెండో పక్కకి బండిని ఈడ్వాలి. కేకలు వినపడతాయి, ఈలలు వినపడతాయి. కళ్ళకి కనపడేది మాత్రం ఎదురుగా ఉన్న చెక్కగోడ.

ఒరిగితే ఒరిగింది, మునగదు కదా అంటారు తెలియనివాళ్ళు. మునగదు నాయనా, పేలుతుంది. ఆరు బాయిలర్లు పక్కపక్కన పడుకోబెట్టి గొట్టాలతో కలిపి ఉంటాయి. పడవ ఒరిగితే నీళ్ళన్నీ పల్లానికి పోతాయి. ఎత్తు పక్కనున్న బాయిలరు ఎండిపోయి, కింది మంటకి ఎర్రగా కాలుతుంది. తర్వాత పడవ చటుక్కున సర్దుకుందా, ఆ నీళ్ళు తిరిగొచ్చి ఎర్రటి ఇనుము మీద పడతాయి. అలా పేలిన ఒక పడవలోంచి మనుషుల్ని ఏరి ఒడ్డున పడుకోబెట్టిన చేతులు ప్రైమస్‌వి. అది జరిగి రెండేళ్ళయినా, ఉడికిన మాంసం వాసన తగిలితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఇంతా చేసి అతను తన సొంతం కాదు, బానిస. పడ్యూకాలో ఒక ముసలి వితంతువు సొత్తు. ఆవిడే అతన్ని పడవకి అద్దెకిచ్చింది. అతని భార్య టెంపీ ఇంకొకరి సొత్తు, పొగాకు వర్తకుడి ఇంట్లో బట్టలుతికి ఇస్త్రీ చేసేది. ఇద్దరూ బానిసల ఆచారం ప్రకారం నేల మీద పెట్టిన చీపురు దాటి పెళ్ళాడారు. వాళ్ళ జాతికి పెళ్ళికాగితం రాసే కచేరీ ఆ దేశంలో లేదు. మూడు వారాలకోసారి పడవ తిరిగొస్తే ఒక్క రోజు కాపురం. అలా తొమ్మిదేళ్ళు.

ఆ ఒక్క రోజులో టెంపీకి పందెం కబుర్లు కావాలి. చేతులు సబ్బునురుగులో ఉండగానే మొదలుపెట్టేది.

"ఈసారి పందెం పడ్డారా లేదా?"

"పడకేం? హెరాన్ పడవ మా పక్కకే వచ్చేసింది. చెయ్యి చాపితే అందేంత."

"నువ్వెక్కడున్నావు?"

"కమ్మీ దగ్గర. ఇంకెక్కడుంటాను? మా మేస్త్రీ కంటే ముందు నేనే."

"అబ్బో! మరి ఆ పడవలో దొరసానులెలా ఉన్నారేం?"

"ఉన్నారు. నీ అంత బాగా మాత్రం లేరు."

"ఛీ పో, మాటలు నేర్చావు!" అని తడిచేత్తో ఒక్కటి వేసేది.

ఉన్న ఒక్క రోజూ గొలుసుల గురించీ, గోడ గురించీ చెప్పుకుని ఏడవాలా? పందెం జరిగినప్పుడల్లా తన మొగుడు ముందు వరసలో నిలబడతాడని ఆమె మురిసిపోతే ఎవరి సొమ్మేం పోయింది? ప్రైమస్ అలా అనుకున్నాడు. పాపం, ఎవరైనా అలాగే అనుకుంటారు.

1853 వసంతంలో ఎలెన్ ట్రావర్సూ హెరానూ మెంఫిస్ రేవులో పక్కపక్కన కట్టి ఉన్నాయి. మధ్యాహ్నం పన్నెండు గంటలకి రెండూ ఒకేసారి బయల్దేరి నాచెజ్ దాకా పందెం. గెలిచినవాళ్ళు సరంగు గది ముందు బంగారు పూత పూసిన దుప్పికొమ్ములు కట్టుకుంటారు. ఆ కొమ్ములు రెండేళ్ళుగా హెరాన్ మీదే ఉన్నాయి. ఎలెన్ ట్రావర్స్ కెప్టెన్‌కి అవి కంట్లో నలుసు. తెల్లారినప్పట్నుంచీ గుగ్గిలం కారే దేవదారు కట్టెలు ఎక్కిస్తున్నారు. ప్రైమస్ నెత్తి మీద పిండిబస్తాతో ఒడ్డుకీ పడవకీ మధ్య వేసిన పలక మీద నడుస్తుంటే హెరాన్ వంటవాడు సైలస్ ఎదురొచ్చాడు. సైలస్ స్వతంత్రుడు, పెద్దవాడు, కళాసులందరికీ బాబాయ్.

"ఒరే ప్రైమస్, నీ పెళ్ళాం పేరేంట్రా?"

"టెంపీ. ఏం బాబాయ్?"

"ఎడమ చెవి కింద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చుందా?"

"ఉంది. నీకెలా తెలుసు?"

సైలస్ నేల చూపులు చూశాడు. "ఆ పొగాకు దొర పోయాడటరా. కొడుకులు పంచుకున్నారు, పంచుకోడానికి వీల్లేనివన్నీ అమ్మేశారు. బానిసల బేరగాడు పద్నాలుగు మందిని మా పడవ ఎక్కించాడు. న్యూ ఆర్లియన్స్‌కి. కింది అంతస్తులో, ముందుపక్క, కాళ్ళకి గొలుసులేసి కూచోబెట్టాడు. నీ పేరు చెప్పి ఏడుస్తోంది."

నెత్తి మీద బస్తా అలాగే ఉంది. దించడం కూడా తోచలేదు అతనికి. హెరాన్ వైపు రెండడుగులు వేశాడు. మేస్త్రీ డ్యూగన్ చేతికర్ర అడ్డం పెట్టి, "ఎక్కడికిరా? ఈ పడవేగా నీది?" అని గద్దించాడు. బస్తాతో వెనక్కి తిరగక తప్పలేదు. తిరుగుతూనే సైలస్ చెయ్యి పట్టుకున్నాడు.

"బాబాయ్, ఇవాళ పందెం కదా. మీ పడవ మా పక్కకి వస్తుంది కదా. చెప్పు దానికి. కమ్మీ దగ్గరే నిలబడతానని చెప్పు. నన్ను చూడమను. నేనూ చూస్తాను. ఒక్కసారి మొహం చూసుకుంటాం, అంతే. చెప్తావు కదూ?"

"చెప్తాన్రా. చెప్పకేం."

కాసేపటికి సైలస్ హెరాన్ వంటగది కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "సరేనందిరా! రెప్పెయ్యనంది!"

ప్రైమస్‌కి ప్రాణం లేచొచ్చింది. మిగతా బస్తాలు ఎలా మోశాడో తెలియదు. అన్నీ అయ్యాక బండి చక్రాలకి కొవ్వు రాద్దామని వంగినప్పుడు గానీ తట్టలేదు. పోటీ పడవ ఏ పక్కనుంటే తన చోటు ఆ పక్క కాదు. తొమ్మిదేళ్ళుగా రోజూ చేసే పని. ఈ నది మీద ఆ సంగతి అతనికంటే బాగా తెలిసినవాడు లేడు. కబురంపిన నిమిషంలో మాత్రం గుర్తుకే రాలేదు. టెంపీకి చెప్పీ చెప్పీ ఆ కోత తనే నమ్మేశాడు కాబోలు. మళ్ళీ కబురంపుదామంటే సైలస్ లోపలికి వెళ్ళిపోయాడు, పలకలు లాగేశారు, గంట కొట్టేశారు.

మేస్త్రీ దగ్గరికి పరిగెత్తాడు.

"దొరా, పడవలు కలిసినప్పుడు అయిదు నిమిషాలు నా బదులు ఇంకొకణ్ణి పెట్టండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఏం, పందెం చూడాలా అయ్యగారికి? కుర్చీ వేయించమంటావా?"

"నా భార్య ఆ పడవలో ఉంది దొరా. అమ్మేశారు."

డ్యూగన్ నోట్లో పొగాకు నమలడం ఆపాడు. కరడుగట్టిన మనిషే గానీ, ఆకలికి ఐర్లండు వదిలి వస్తూ దారిలో చనిపోయిన అమ్మని సముద్రంలో వదిలేసినవాడు. "మనుషుల్లేర్రా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నీ జట్టులో ఇద్దర్ని పొయ్యిల దగ్గరికి తోలాను. నువ్వూ ఆ ముసలాడూ తప్ప దిక్కు లేదు. పో, పో, నా మొహం చూడకు."

ఆ ముసలాడు జూబల్. అరవై దాటాయి, కుడి భుజం పనికి రాదు. సంగతంతా విని తాడు చేతికి చుట్టుకున్నాడు. "ఎడమ భుజం ఉందిగా నాకు? పడవలు కలవగానే నువ్వు పో. పది అంకెలు లెక్కపెట్టుకుని చూసి వచ్చెయ్. ఆ మాత్రం పట్టుకోలేనా?"

"నీ రుణం ఉంచుకోను జూబలన్నా."

"రుణమేంట్రా, వెధవా. పెళ్ళాన్ని చూసుకో."

హెలీనా ఊరు దాటి, నది వెడల్పయ్యే చోట హెరాన్ ఎడమపక్క నుంచి వచ్చింది. ముందు పొగ వాసన, తర్వాత దాని చక్రాల చప్పుడు, తర్వాత తమ పడవ పై అంతస్తులో మూడొందల జతల బూట్లు ఒక్కసారిగా ఎడమకి పరిగెత్తిన మోత. పడవ ఒరిగింది. కెప్టెన్ "వెనక్కి జరగండి బాబూ, వెనక్కి!" అని గొంతు చించుకుంటున్నాడు, వినేదెవరు? బండి కుడి గోడ దాకా లాగి ఇద్దరూ ఆనిపట్టారు.

"పోరా," అన్నాడు జూబల్.

ప్రైమస్ తాడు వదిలాడు. ఒక అడుగు, రెండు, మూడు. కింది అంతస్తులోనూ ఎడమ కమ్మీ నిండా జనమే, వలస వచ్చిన సంసారాలు, చంకల్లో పిల్లలు. వాళ్ళ వీపుల మధ్య నుంచి హెరాన్ తెల్లటి పక్క కనపడింది. ముప్పై అడుగుల దూరం, అంతే. ఇంకో నాలుగంగలు వేసి ఇద్దర్ని పక్కకి నెడితే చాలు.

అప్పుడే వెనక బండి కిర్రుమంది. జూబల్ "అమ్మా" అన్నాడు. అదే క్షణాన కుడి చివర బాయిలరు కుళాయి తిప్పి చూసిన ఇంజనీరు కేక పెట్టాడు. నీళ్ళు రావలసిన కుళాయిలోంచి బుస్సుమని ఉత్త ఆవిరి వచ్చింది.

"కుడి బాయిలర్లో నీళ్ళు లేవు! బండి జారుతోంది, ఎవర్రా అక్కడ? పట్టండి!"

ప్రైమస్ ఆగిపోయాడు. ముప్పై అడుగులు. ఉడుకావిరి ముప్పై అడుగులు దాటి పోతుందని అతనికి తెలుసు. ఆనాటి పేలుడులో చచ్చిపోయినవాళ్ళలో కొందరు పేలిన పడవవాళ్ళు కాదు, పక్కన పోతున్న పడవవాళ్ళు. హెరాన్ కింది అంతస్తులో, ముందుపక్క, ఇటు మొహం పెట్టి, రెప్ప వెయ్యకుండా టెంపీ కూర్చుని ఉంది. పారిపోడానికి కాళ్ళు కూడా తనవి కావు.

వెనక్కి తిరిగాడు. జూబల్ మోకాళ్ళ మీద పడి, చక్రానికి ఎడమ భుజం అడ్డం పెట్టి ఉన్నాడు. ప్రైమస్ తాడు అందుకుని ఎత్తు పక్కకి లాగడం మొదలుపెట్టాడు.

"మెల్లిగా!" ఇంజనీరు అరుస్తున్నాడు. "ఒక్కసారి లాగావా, అందరం పోతాం! మంట తగ్గించండి! మెల్లిగా రా నాయనా, అంగుళం అంగుళం!"

అంగుళం అంగుళమే లాగాడు. వీపు వెనక పడవలు రెండూ పక్కపక్కన పరిగెడుతున్నాయి. టోపీలు ఎగరేస్తున్నారు, బాజాలు వాయిస్తున్నారు. ఆ గోలలో ఒక ఆడగొంతు తన పేరు పిలిచినట్టు అనిపించింది. నిజంగా పిలిచిందో, చెవులు పిలిపించుకున్నాయో. ప్రైమస్ గోడ చూస్తూ లాగాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

పడవ నిటారుగా నిలబడి, కుళాయిలో మళ్ళీ నీళ్ళు కనపడేసరికి పావుగంట పట్టింది. ప్రైమస్ కమ్మీ దగ్గరికి పరిగెత్తాడు. జనం అప్పటికే తిట్టుకుంటూ చెదిరిపోతున్నారు, చోటు చాలా ఉంది. మంట తగ్గించారు కదా, హెరాన్ ముందుకు పోయింది. దాని వెనక భాగం కనపడింది, పొగ కనపడింది. మలుపు తిరిగాక అదీ లేదు. ప్రైమస్ కమ్మీ పట్టుకుని భోరున ఏడ్చాడు.

సిగారు కాలుస్తూ అటు దిగొచ్చిన ఒక పెద్దమనిషి అది చూసి కరిగిపోయాడు. "చూశారా, వీడికి పడవంటే ఎంత ప్రేమో! ఏడవకురా అబ్బాయ్. వచ్చే పందెం మనదే!" అని భుజం తట్టి వెళ్ళాడు. వాడి నోరు పడిపోను.

సాయంత్రం ప్రైమస్ ఇంజనీరు దగ్గర నిలబడి అడిగాడు. "దొరా, నేను రాకపోతే పేలేదా?"

"ఏమో. పేలనూవచ్చు, పేలకపోనూవచ్చు. ఇంతకంటే ఒరిగినవీ బతికి బట్టకట్టాయి. బాయిలరు చెప్పి చేస్తుందట్రా?"

న్యూ ఆర్లియన్స్ చేరేసరికి బేరగాడూ లేడు, పద్నాలుగు మందీ లేరు. నెల తర్వాత మెంఫిస్‌లో సైలస్ కనపడ్డాడు. చెప్పడం ఇష్టం లేక గిన్నెలు తోముతూ కూర్చున్నాడు. ప్రైమస్ వదల్లేదు.

"చూస్తూనే ఉందిరా," అన్నాడు సైలస్ చివరికి. "గొలుసు ఎంత వస్తే అంత ముందుకు జరిగి, మోకాళ్ళ మీద లేచి చూసింది. మీ పడవ వెనక పడిపోయాక నన్నడిగింది, మా ఆయనేడీ బాబాయ్ అని. పనుండి ఉంటుందమ్మా అన్నాను. కాదు బాబాయ్, పందెమప్పుడు ఆయన ఎప్పుడూ కమ్మీ దగ్గరే ఉంటాడు, ఎన్నిసార్లు చెప్పాడో, ఇవాళే రాలేదు అంది. ఇక నేనేం చెప్పను?"

ప్రైమస్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. తను ముద్దుకి చెప్పిన కోతే తన మీద సాక్ష్యం చెప్పింది.

తర్వాత యుద్ధం వచ్చింది, పోయింది, దానితో బానిసత్వమూ పోయింది. ప్రైమస్ తన సొంతమయ్యాడు. పడవ పని మానేసి రేవులో బండి తోలుకున్నాడు. ఇంకో పెళ్ళి చేసుకోమంటే వినలేదు. ఆ రోజుల్లో తప్పిపోయినవాళ్ళ పేర్లు కాగితాల మీద రాసి ఊరూరా చర్చిలకి పంపేవారు. ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు చదివేవాడు. అక్షరాలు రాని ప్రైమస్ బడిపంతులు చేత రాయించాడు. "టెంపీ. పడ్యూకా మనిషి. ఎడమ చెవి కింద మచ్చ. ఆమె భర్త ప్రైమస్ బతికే ఉన్నాడు. రాలేక కాదు, రానందుకు కారణం ఉంది." ఆరేళ్ళు పంపించాడు. ఏడో ఏడు లూసియానా చెరుకు తోటల ఊరి నుంచి రెండు ముక్కల జవాబు వచ్చింది. ఇక్కడున్నాను, అని.

పద్దెనిమిదేళ్ళ తర్వాత చూశాడు ఆమెని. జుట్టు నెరిసింది. ఆన్సెల్ అనే చెరుకు కూలీని కట్టుకుంది, ముగ్గురు పిల్లలు. ఆన్సెల్ మర్యాదస్తుడు. ప్రైమస్‌కి కుర్చీ వేసి, మొక్కజొన్న రొట్టె పెట్టించి, పనుందని పొలం వైపు వెళ్ళిపోయాడు. వసారాలో ఇద్దరే మిగిలారు.

"కాగితంలో కారణం ఉందన్నావు," అంది టెంపీ. "పాస్టరు చదివినప్పుడు విన్నాను. నాలుగేళ్ళ నుంచి వింటున్నాను. జవాబివ్వాలనిపించలేదు."

"కోపం ఉంటుంది."

"అందరి మొహాలూ చూశానయ్యా. టోపీవాళ్ళవీ, గడ్డాలవాళ్ళవీ, చంకలో పిల్లలవీ. ఒక్కొక్కటే వెతికాను. ఇప్పటికీ గీసి చూపించమంటే చూపిస్తాను. నీదే లేదు. నన్ను ఆ గొలుసుల్లో చూడ్డానికి సిగ్గేసిందనుకున్నాను నీకు."

ప్రైమస్ అప్పుడు చెప్పాడు. బండీ, గోడా, బాయిలరూ, జూబల్ భుజం, తను చెప్పిన కోతలు, అన్నీ. ఏదీ దాచుకోలేదు. టెంపీ అడ్డు రాకుండా విన్నది.

"నువ్వు లాగకపోతే పేలేదా?" అని అడిగింది.

అవునని చెప్పొచ్చు. చెబితే ఆమెకి శాంతి, తనకీ శాంతి. కానీ ఆమెకి చెప్పిన కోతలు చాలనుకున్నాడు.

"తెలీదు టెంపీ. పేలేదేమో. పేలకపోయేదేమో."

టెంపీ చెరుకు తోట వైపు తిరిగింది.

"పేలితే నేనూ పోయేదాన్ని," అంది.

"అందుకే..."

"నిన్ను చూసి పోయేదాన్ని కదయ్యా." "తర్వాత ఈ తోటల్లో ఏం పడ్డానో నీకు తెలీదు. చెప్పను కూడా. అవన్నీ లేకుండా, నీ మొహం చూస్తూ పోయేదాన్ని. పేలనివ్వాల్సింది ప్రైమస్. పేలనివ్వాల్సింది."

ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ప్రైమస్ ఆమె భుజం మీద వెయ్యబోయి చెయ్యి చాపాడు. ఆమె ఇప్పుడు ఇంకొకరి భార్య అని గుర్తొచ్చింది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.